దొర నుదుటి మీద బొట్టు

మేము ఉండేది ఐర్లండ్‌లో, మేయో కౌంటీలోని కాజిల్‌బార్‌లో. ఊరికి కాస్త దూరంగా, సరస్సు పక్కన ఒక పాత బంగళా ఉంది. దాని హాల్లో పాలరాతి దొర ఒకడు ఉన్నాడు, తల నుంచి భుజాల వరకే. ఆ దొర నుదుటి మీద ఎర్రటి మచ్చ ఉంటుంది. చూడడానికి వచ్చినవాళ్ళు ముందు దాని గురించే అడుగుతారు. కొందరు తుప్పు అనుకుంటారు, కొందరు పిల్లలెవరో రంగు పూశారనుకుంటారు. అది కుంకుమ. పెట్టింది నేనే.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, ఒడిశా సరిహద్దు వైపు. అక్కడ నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. నేను క్లాసులో నోరు విప్పితే పక్క సెక్షన్ పిల్లలు వాళ్ళ మేష్టార్ని వదిలేసి నా పాఠం వినేవాళ్ళు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ మేష్టారే వెళ్ళి హెడ్మాస్టరుకి ఫిర్యాదు చేశారు. మా ఆయనకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆయన వెనకే నేనూ, మా అమ్మాయీ వచ్చాం. నేను ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేరాను. పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కన కూర్చోవడం. ఆ పనిని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు. కానీ అక్కడ ఒక్కసారి కూడా నిలబడి, ఒక విషయం మొదలుపెట్టి, చివరిదాకా చెప్పింది లేదు. రోజంతా "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్", "గ్రాండ్, గ్రాండ్", అంతే. ఇంటికొచ్చి గోడలకి పాఠం చెప్పుకోవాలనిపించేది. నా గొంతు నాకు తిరిగి కావాలి అని ఒకరోజు మా ఆయనతో అన్నాను.

"గొంతుకేటైందే? బాగానే ఇనిపిస్తంది కదా," అన్నాడాయన, కూర కలుపుకుంటూ.

బంగళాకి గైడు కావాలన్న ప్రకటన లైబ్రరీలో చూశాను. ఇంటికి రాగానే అప్లై చేశాను. ఇంగ్లిష్‌కి భయపడుతున్నానని మా అమ్మాయికి చెప్తే, అది ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "మామీ, యువర్ ఇంగ్లిష్ ఈజ్ గ్రాండ్. జస్ట్ స్లో డౌన్, లైక్," అంది. ఇక్కడ పెరిగిన పిల్ల కదా, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మేయో యాసలోనే వస్తుంది.

బంగళాని ఊరివాళ్ళ ట్రస్టు ఒకటి నడుపుతుంది. మేనేజరు డబ్లిన్ నుంచి వచ్చిన చురుకైన మనిషి. ఇంటర్వ్యూలో నాతో బాగా మాట్లాడింది. కానీ చివర ఒక పరీక్ష పెట్టింది. బంగళా కట్టిన దొర జీవితాన్ని కమిటీ ముందు నిలబడి చెప్పాలి, గది గదికీ తిప్పుతూ. కమిటీలో ఒక పెద్దావిడ ఉంది, బంగళా వెనక కొండ కింద ఆవిడ పొలం. ఆవిడ సరే అంటేనే ఎవరినైనా తీసుకుంటాం అని మేనేజరు ముందే చెప్పేసింది.

చదువుకోవడానికి కొన్ని కాగితాలు ఇచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను. దొరది స్కాట్లండ్, ఎర్ల్ అనే బిరుదున్న ఒక ప్రభువు గారి రెండో కొడుకు. రెండో కొడుక్కి బిరుదూ రాదు, భూమీ రాదు కాబట్టి పటాలంలో చేరాడు. అన్నగారు పిల్లలు లేకుండా పోవడంతో బిరుదు ఇతని నెత్తిన పడింది. ఆ తర్వాత మేయోలో ఎస్టేటు ఉన్న ఒక వారసురాలిని పెళ్ళి చేసుకుని, ఆవిడతోపాటు ఈ కొండలూ, ఈ సరస్సూ, కొండ మీద బతికే రైతులూ సొంతం చేసుకున్నాడు. లండన్‌లో ప్రభువుల సభలో కూర్చునేవాడు. గడ్డం బాగా ఉండేదట, మాట ఇంకా బాగా ఉండేదట. ఈ దేశంలో పెద్ద కరువు వచ్చినప్పుడు ఇక్కడి భూస్వామి అతనే. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవి మీద వెళ్ళాడు. అక్కడ ఉత్తరాది జిల్లాల్లో వానలు పడకపోతే గంజి కేంద్రాలు తెరిపించి, కాలువ ఒకటి తవ్వించాడు.

ఆ కాలువ ఏదో చదవగానే కుర్చీలోంచి లేచిపోయాను. అది మా కాలువ. మా ఊరి పొలాలు తడిసేది దానితోనే.

మా ఊళ్ళో లాకుల దగ్గర ఒక రాయి ఉంటుంది. దాని మీద ఇంగ్లిష్‌లో చెక్కిన పేరు. ఊరంతా దాన్ని దొర రాయి అంటారు. వానాకాలంలో కాలువకి మొదటిసారి నీళ్ళు వదిలిన రోజున రైతులు అక్కడికి చేరతారు. ఆడవాళ్ళు రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేస్తారు. కొబ్బరికాయ కొడతారు. తర్వాత గట్టు మీద దోసెడు నీళ్ళు పోసి ఇళ్ళకి వెళ్ళిపోతారు. నేనూ పెళ్ళి కాకముందు నుంచీ చేశాను. ఆ దొర ముఖం ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా ఎవరికీ కనబడలేదు. ఆ ముఖం ఇప్పుడు నా ఇంటికి అరగంట దూరంలో ఉంది.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ దేశం వచ్చినప్పటి నుంచి, నువ్వు ఇక్కడి దానివి కూడా అని ఎవరో నాతో మొదటిసారి చెప్పినట్టు అనిపించింది. బంగళాకి ఇంతకన్నా తగిన గైడు ఈ భూమ్మీద దొరకదని గట్టిగా నమ్మాను.

పరీక్షకి ముందు ఒకరోజు గదులు చూసుకోవడానికి రమ్మంది మేనేజరు. నేను వెళ్తూ సూపర్‌మార్కెట్‌లో పసుపు పచ్చ చామంతులు కొని, కారులో కూర్చుని దారంతో దండ కట్టాను. కుంకుమ భరిణ ఇంట్లో ప్రెస్‌లోంచి పొద్దున్నే తీసి బ్యాగులో వేసుకున్నాను. ప్రెస్ అంటే ఇక్కడి భాషలో అలమర. దండ ఒక్కటే వేద్దామనుకున్నాను, ఫోటో తీసి మా ఊరికి పంపిద్దామని. కానీ ఆ పాలరాతి ముఖం ముందు నిలబడ్డాక చెయ్యి ఆగలేదు. వేలు తడి చేసుకుని, కుంకుమ అద్ది, నుదుటి మధ్య గుండ్రంగా పెట్టాను. చెప్పులు ఎప్పుడు విప్పానో నాకే తెలియదు.

అలా వట్టికాళ్ళతో నిలబడి ఉండగా తలుపు దగ్గర చప్పుడైంది. వాక్సు పూసిన పాత కోటు, చేతిలో కర్ర, తెల్లటి పొట్టి జుట్టు. కమిటీ పెద్దావిడ అని చెప్పకుండానే తెలిసింది. ఆవిడ దండ చూసింది, బొట్టు చూసింది, నా పాదాలు చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. గులకరాళ్ళ దారి మీద కర్ర చప్పుడు గేటు దాకా వినిపించింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చింది. తడి గుడ్డతో తుడవబోయి ఇంకా పాకించింది. "అది మార్బుల్, రంగు పీల్చేస్తుంది," అంటూ తల పట్టుకుంది. నాకు సిగ్గు కన్నా ముందు కోపం వచ్చింది. నిజం చెప్తున్నాను. మా వాళ్ళు ఇన్ని తరాలుగా పెట్టిన బొట్టు, ఒక రాయి మీద పెడితే పుణ్యం, ఇంకో రాయి మీద పెడితే నేరమా అనుకున్నాను.

"మచ్చ సంగతి ఎలాగో చూస్తాను," అంది మేనేజరు. "కానీ ఆవిడ విషయంలో నేనేం చేయలేను. ఆవిడ ముత్తాత ఇల్లు ఈ మనిషే కూల్పించాడు. నీకు తెలియదా?"

కాగితాల్లో ఆ ముక్క ఉంది. ఒక్క వాక్యం. కౌలుదార్లను తొలగించి భూమిని గొర్రెల పెంపకానికి మళ్ళించాడని. చదివాను, దాటేశాను. నా కళ్ళు కాలువ కోసం పరిగెత్తాయి మరి.

ఇంట్లో మా ఆయన వెంటనే తేల్చేశాడు. "ఒగ్గేయ్. నర్సింగ్ హోమ్ ఉద్యోగం ఉంది కదా. ఆళ్ళ గొడవలో మనమెందుకే దూరడం?"

"వాళ్ళ గొడవేంటి? ఆ మనిషి మన లాకుల దగ్గర కూడా ఉన్నాడు. అది మన గొడవ కాదా?"

"అయితే ఏటి సేస్తావు?"

"ఆవిడ ఇంటికి వెళ్తాను."

"తలుపు తీయకపోతే?"

"తీసేదాకా నిలబడతాను," అన్నాను. మాట అనేశాక ఇక వెనక్కి తగ్గడం నా వల్ల కాదు, అది ఆయనకి బాగా తెలుసు. కారు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నిలబడాల్సిన పని పడలేదు. ఆవిడ తలుపు తీసి, నా చేతిలో స్టీలు డబ్బా చూసి, "ఏంటది?" అని అడిగింది. గారెలు అన్నాను. లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. డబ్బా అందుకుని కిటికీలో పెట్టి, కర్ర తీసుకుని, "బూట్లు ఉన్నాయా? ఈసారి విప్పకు," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది. ఉన్నా నాకు నచ్చింది. మనిషి కోపాన్ని దాచుకోకపోతే నాకు మాట్లాడడం సులువు.

కొండ మీదికి తీసుకెళ్ళింది. పైన అంతా పచ్చిక, గొర్రెలు, సన్నటి వాన. దగ్గరికి వెళ్తే గానీ గోడలు కనబడలేదు. నడుము ఎత్తు రాతి గోడలు, పైకప్పు లేదు, వాకిలి ఉన్నచోట ఖాళీ. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, అలా వాలు పొడుగునా. వాటి మధ్య నేల మీద పొడుగ్గా చాళ్ళు, గడ్డి కప్పేసినా గట్లుగా తెలుస్తూనే ఉన్నాయి. బంగాళాదుంపల కోసం చేత్తో తవ్విన మడులు అవి. చివరిసారి తవ్వినవాళ్ళు వెళ్ళిపోయాక ఎవరూ దున్నలేదు కాబట్టి అలాగే ఉండిపోయాయంది.

"దుంప కుళ్ళిపోయింది. కౌలు కట్టలేకపోయారు. చలికాలంలో మనుషుల్ని పంపి కప్పులు పీకించాడు, మళ్ళీ వచ్చి దూరకుండా," అని చెప్పింది ఆవిడ. నేను తెలుగులో రాస్తున్నాను గానీ ఆవిడ ఇంగ్లిష్ ఇంతకన్నా పొదుపుగా ఉంటుంది. "మా ముత్తాతకి అప్పుడు చిన్న వయసు. ఈ గోడ చాటున పడుకున్నారట, గోనెపట్టాలు కప్పుకుని. అతను లండన్ వెళ్ళి, ఊరికే తిండి పెడితే వీళ్ళు సోమరులైపోతారని సభలో మాట్లాడి వచ్చాడు. అతనికి నువ్వు పూలదండ వేశావు."

నేను మా కరువు గురించి చెప్పాను. గంజి కేంద్రాలు, కాలువ, దొర రాయి. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఆ కాలువ ఎవరు తవ్వారు?" అని అడిగింది.

నేను సోషల్ టీచర్ని. ఆ జవాబు నేనే పిల్లలకి చెప్పేదాన్ని. ఆకలితో ఉన్నవాళ్ళే తవ్వారు. రోజంతా మట్టి తట్టలు మోస్తే గింజలు కొలిచేవాళ్ళు. గట్టు మీదే పడిపోయినవాళ్ళు ఎంతమందో. మా మామ్మవాళ్ళ తాత ఆ తట్టలు మోసినవాడే, మెడ ఒక పక్కకి వంగిపోయి ఉండేదట చివరిదాకా. ఆ గింజలు కొన్న డబ్బైనా మా వాళ్ళు కట్టిన పన్నే. ఇదంతా ఆవిడకి చెప్పాను.

"వాళ్ళకి దండ వేస్తారా?"

అప్పుడు గుర్తొచ్చింది, దోసెడు నీళ్ళు. దొర రాయికి అన్నీ అయ్యాక ఆడవాళ్ళు కాలువలోకి వంగి దోసిలితో నీళ్ళు తీసి గట్టు మీద పోస్తారు. పోస్తూ "తవ్వినోళ్ళకి" అంటారు. ఒక్క మాట. అందరూ ఇంటికి వెళ్ళే తొందరలో ఉంటారు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. బంగళాకి వెళ్ళినప్పుడు పూలు గుర్తొచ్చాయి, కుంకుమ గుర్తొచ్చింది, నీళ్ళు గుర్తు రాలేదు.

ఆవిడకి అది కూడా చెప్పాను. ఆవిడ గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. వాన కోటు మీంచి కారుతోంది.

"పరీక్షకి వస్తాను," అన్నాను నేను. "కప్పులు పీకించిన సంగతీ చెప్తాను, కాలువ సంగతీ చెప్తాను. మీకు కోపం వస్తుందని కాలువని దాచను. మా ఊరికి నచ్చదని ఈ గోడల్ని దాచను. అలా చెప్పనివ్వరంటే నాకు ఈ ఉద్యోగం వద్దు."

వద్దు అన్నానే గానీ, ఎంత కావాలో నాకు తెలుసు.

"అయితే నా ముఖం చూసి చెప్పు," అంది ఆవిడ. "నేను ముందు వరసలో ఉంటాను."

అన్నట్టే ఉంది. పరీక్ష రోజు హాల్లో పాలరాతి దొర పక్కనే, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని. మచ్చ తీయడానికి వచ్చిన మనిషి ఇంకా రుద్దితే రాయే అరిగిపోతుందని చెప్పి వెళ్ళిపోయాడు. బొట్టు అలాగే ఉంది, కాస్త వెలిసి. కమిటీవాళ్ళంతా దాని వంకా నా వంకా మార్చి మార్చి చూస్తున్నారు. నేను అక్కడే మొదలుపెట్టాను. ఈ మచ్చ నేను పెట్టాను, ఎందుకు పెట్టానో చెప్తాను అన్నాను.

మొదట మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. స్కాట్లండ్ దాటేసరికి సర్దుకున్నాయి. భోజనాల గదిలోకి వచ్చాక నా పాత గొంతు నాకు వినబడింది, శ్రీకాకుళం గొంతు, మూడు గదులకి చాలే గొంతు. ఆ గదిలో విందు జరుగుతున్నప్పుడు కిటికీలోంచి కొండ మీది ఇళ్ళు కనబడేవని చెప్పాను. కప్పులు పీకిన చలికాలం గురించి చెప్పాను. పెద్దావిడ కళ్ళు నా మీంచి కదల్లేదు, నేనూ తిప్పుకోలేదు. తర్వాత మద్రాసు. ఇక్కడ ఊరికే తిండి పెట్టకూడదన్న మనిషే అక్కడ పైవాళ్ళ అనుమతి రాకముందే గంజి కేంద్రాలు తెరిపించాడని, దానికి చీవాట్లు తిని, పదవి ముగియకుండానే స్కాట్లండ్ వెళ్ళిపోయాడని, మళ్ళీ ప్రభువుల సభలో నోరు విప్పలేదని చెప్పాను. ఇక్కడ చూసింది అక్కడ గుర్తొచ్చిందా? అలా చెప్తే కథ బాగుంటుంది. నాకు తెలియదు కాబట్టి తెలియదనే చెప్పాను.

అప్పుడు ఆవిడ మొదటిసారి మాట్లాడింది. "ఇక్కడివాళ్ళకి ఎప్పుడైనా క్షమాపణ చెప్పాడా?"

"వెతికాను. దొరికినంతవరకూ చెప్పలేదు," అన్నాను.

మేనేజరు గొంతు సవరించుకుని, టీ ఉంది, తాగుదాం రండి అంది.

"టూరు అయిపోలేదు," అంది పెద్దావిడ. కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. బయట వాన అని ఒకరూ, కొండ మీద ఎవరైనా జారితే ఇన్సూరెన్స్ అని మేనేజరూ అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. తలుపు తీసి నా కోసం ఆగింది. చివరికి అందరూ వచ్చారు, టీ వదిలేసి, గొణుక్కుంటూ.

ఆ కప్పు లేని ఇంటి ముందు ఆగాం. గోడ మీద ఒక రాతి పలకలో గుంట ఉంది, దాన్నిండా వాన నీళ్ళు. ఆవిడ కర్ర నా చేతికిచ్చింది. రెండు చేతులతో ఆ నీళ్ళు తీసుకుని, తవ్విన మడుల వైపు తిరిగి, "ఏమంటారు మీ ఊళ్ళో?" అని అడిగింది.

వీళ్ళకి వేరే మాట ఏదైనా చెప్పాలా అని ఆలోచించాను. అక్కర్లేదనిపించింది. వీళ్ళూ తవ్వినవాళ్ళే.

"తవ్వినోళ్ళకి," అన్నాను. ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు.

ఆవిడ ఆ మాట పలకలేకపోయింది. ప్రయత్నించింది, సగంలో ఆగింది, తన ఐరిష్ భాషలో మెల్లగా ఏదో అనుకుంది. నీళ్ళు గడ్డి మీద పోసింది.

మేనేజరు వెనకనుంచి, వానలో కళ్ళు చికిలించుకుంటూ అడిగింది. "మరి ఈమె సంగతి? తీసుకుందామంటారా?"

పెద్దావిడ నా చేతిలోంచి కర్ర తీసుకుంది. ఆ నీళ్ళు పోసిన రెండో చెయ్యి చాచి మేనేజరుకి చూపించింది.

"తడిసింది కదా," అంది. "ఇంకా ఏం అడుగుతావు?"